మైగ్రేన్‌కి మెడ తిప్పించుకోవాలా? రాయగడ టీచర్ గారికి జవాబు

టీచర్ గారూ,

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. ఒడిశాలో, రాయగడలో బడిలో పనిచేస్తున్నారు, వయసు 36. పదకొండేళ్లుగా పార్శ్వపు తలనొప్పి, అదే మైగ్రేన్. ఎడమ కణత దగ్గర మొదలై కంటి వెనక కొట్టుకుంటుంది, వాంతి అవుతుంది, వెలుతురు పడదు, ఒకసారి వస్తే రోజున్నర వదలదు. మెడ కూడా పట్టేస్తుంది. న్యూరాలజిస్ట్ రాత్రిపూట వేసుకోమన్న మాత్రతో ఆరు కిలోలు పెరిగారు, పొద్దున క్లాసులో మగతగా ఉంటోందని మానేశారు. ఇప్పుడు విశాఖలో మీ పిన్ని గారి అమ్మాయి చేత్తో వెన్నూ మెడా నొక్కి, తిప్పి వైద్యం చేసే ఒక కైరోప్రాక్టర్ దగ్గరికి రమ్మంటోంది. 12 సిట్టింగుల ప్యాకేజీ, డబ్బు ముందే కట్టాలి. ‘మందులక్కర్లేదు, మెడ ఎముక సెట్ చేస్తే మళ్ళీ జన్మలో రాదు’ అన్నారట. వెళ్ళాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

నేను బరంపురంలో 24 ఏళ్లుగా ఫిజియోథెరపిస్ట్‌ని. కైరోప్రాక్టర్‌ని కాను. కానీ మెడలు పట్టుకోవడమే నా బతుకు. పట్టు నేసేవాళ్ళు, బడా బజార్ దుకాణాలవాళ్ళు, ఇచ్ఛాపురం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు, నా దగ్గరికొచ్చే వాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళే. కైరోప్రాక్టర్లదీ నాదీ ఇంచుమించు ఒకే వ్యాపారం కాబట్టి నా మాటల్లో పోటీ వాసన తగిలితే అంతవరకు తీసేసి చదువుకోండి.

వెళ్ళాలనుంటే వెళ్ళండి. కానీ 12 సిట్టింగులకి ఒకేసారి డబ్బు కట్టకండి, మెడని టక్కున తిప్పనివ్వకండి. ఈ రెండింటికంటే ముందు చూడాల్సింది మీ ఉత్తరంలోనే ఉంది. ‘నెలకి 12, 13 రోజులు మెడికల్ షాపులో తలనొప్పి బిళ్ళ తెచ్చుకుంటాను, దాంతో బండి నడుస్తోంది’ అని ఎక్కడో మధ్యలో రాశారు. అసలు సంగతి అదే అయ్యుండొచ్చు.

షాపులో దొరికే తలనొప్పి బిళ్ళల్లో చాలావాటిలో ఒకటికి మించి మందులుంటాయి, కాఫీన్ కూడా కలిసి ఉంటుంది. అలాంటి మిశ్రమ బిళ్ళలు గానీ, మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్ మాత్రలు గానీ నెలకి 10 రోజులు, అంతకంటే ఎక్కువ, మూడు నెలలు దాటి వాడితే ఆ బిళ్ళే తలనొప్పి తెప్పించడం మొదలుపెడుతుంది. ఉత్త పారాసిటమాల్ లాంటివైతే ఈ హద్దు 15 రోజులు. ఇది నేను అల్లిన లెక్క కాదు, తలనొప్పులని వర్గీకరించే అంతర్జాతీయ పట్టికలో ఉన్నదే. నొప్పి వస్తే బిళ్ళ, బిళ్ళ దిగగానే నొప్పి, మళ్ళీ బిళ్ళ. ఇలా నెలకి నాలుగు రోజులుండే మైగ్రేన్ పద్నాలుగు రోజులకి పాకుతుంది. మీ నొప్పి మొదట్లో నెలకి రెండుసార్లే వచ్చేదనీ, రెండేళ్ల నుంచే ఇలా తయారైందనీ మీరే రాశారు. ఆ రెండేళ్లలో మీ మెడ ఎముక ఎక్కడికీ పోలేదు టీచర్ గారూ. బిళ్ళలు పెరిగాయి.

అలాగని రేపటి నుంచి బంద్ అనకండి. మానేసిన కొత్తలో, సాధారణంగా 2 నుంచి 10 రోజులదాకా, తలనొప్పి మరింత రేగుతుంది, వాంతులు కూడా ఉంటాయి. సెలవులు చూసుకుని, డాక్టరుకి చెప్పి, ఆ పది రోజులూ దేనితో గట్టెక్కాలో అడిగి మరీ మానాలి. ఇది తేలకుండా ఎవరి చేత మెడ పట్టించుకున్నా ఫలితం తెలియదు. ఆ సిట్టింగులు జరుగుతున్నప్పుడే బిళ్ళలు మానేశారనుకోండి, తగ్గుదల బిళ్ళ మానడం వల్ల వస్తుంది, పేరు మెడ తిప్పినాయనకి పోతుంది.

ఇప్పుడు మెడ సంగతి. ‘తలనొప్పి వచ్చిన ప్రతిసారీ మెడ పట్టేస్తుంది, అంటే మూలం మెడలోనే ఉంది కదా’ అని అడిగారు. అందరూ అలాగే అనుకుంటారు. నేనూ చదువుకునే రోజుల్లో అలాగే అనుకున్నాను. నా బల్ల మీద పడుకున్నవాళ్ళకి పుర్రె అడుగున, మెడ మొదలయ్యే చోట, వెన్నుకి పక్కగా రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి పట్టుకుంటాను. పది సెకన్లు గడిచేసరికి కొందరు ‘అదే, అదే, కంటి వెనకాల వస్తోంది’ అంటారు. నా వేలు మెడ మీద, వాళ్ళ నొప్పి కంట్లో. ఎలాగంటే, నుదురూ కన్నూ చూసుకునే ట్రైజెమినల్ నరం నుంచి వచ్చే కబురూ, మెడలో పై మూడు నరాల నుంచి వచ్చే కబురూ మెదడు అడుగున ఒకే చోట చేరతాయి. మీ ఊరి స్టేషనే చూడండి. కోరాపుట్ లైనూ, టిట్లాగఢ్ లైనూ రాయగడలో కలిసిపోతాయి. విజయనగరంలో నిలబడ్డవాడికి ఎదురుగా వచ్చే బండి ఆ రెంటిలో ఏ లైను మీంచి వచ్చిందో చూస్తే తెలియదు. మెదడు పరిస్థితీ అంతే. మెడ నొప్పిని కంటి నొప్పి అనుకుంటుంది, తలలో రేగిన మైగ్రేన్‌ని మెడ నొప్పిగానూ చూపిస్తుంది. కాబట్టి మెడ పట్టేయడం మైగ్రేన్‌కి కారణమే కానక్కర్లేదు, చాలామందికి అది మైగ్రేన్ లక్షణమే. తలపోటు ఎక్కే ముందే మెడ బిగుసుకుంటే మెడ వల్లే వచ్చిందనిపిస్తుంది, నిజానికి మైగ్రేన్ అప్పటికే మొదలైపోయి ఉంటుంది.

నిజంగా మెడ నుంచే పుట్టే తలనొప్పి వేరే ఉంది. మా దగ్గర ఒక నేతగాడు ఉండేవాడు, గుంట మగ్గం మీద పట్టు నేసేవాడు. కాళ్ళు గుంటలో, మెడ ముందుకి వంగి, చూపు పోగు మీద, ఆ భంగిమలో రోజుకి తొమ్మిది గంటలు. నొప్పి ఎప్పుడూ కుడివైపే, మెడ వెనక మొదలై ముందుకి పాకేది. వాంతి లేదు, ఎండలో కూర్చున్నా ఇబ్బంది లేదు. తల కుడివైపు తిప్పితే సగంలో ఆగిపోయేది, అక్కడ నొక్కితే అచ్చం అదే నొప్పి. ఆయనకి ఆరు వారాలు మెడ కీళ్ళు మెల్లగా వదులు చేశాను, మెడ ముందు కండరాలకి వ్యాయామం చెప్పాను, గంటకోసారి గుంటలోంచి లేచి నడవమన్నాను. తగ్గిపోయింది. ‘మాస్టారు నా మైగ్రేన్ తగ్గించేశాడు’ అని వీధంతా చెప్పుకొచ్చాడు. ఆయనకి ఉన్నది మైగ్రేన్ కాదని నేనెంత చెప్పినా విననేలేదు. ఆ పేరు విని నిజమైన మైగ్రేన్‌వాళ్ళు వరస కట్టారు, వాళ్ళకి మాత్రం అంత తేలిగ్గా తగ్గలేదు. చేతివైద్యం చేసేవాళ్ళ చుట్టూ తిరిగే ఇలాంటి కథల్లో, నావి కూడా కలిపే అంటున్నాను, చాలావాటి వెనక ఉన్నది ఈ నేతగాడే. మీ లక్షణాలు ఆయనవి కావు. వాంతి, వెలుతురు పడకపోవడం, కొట్టుకునే నొప్పి, నడిస్తే పెరగడం, రోజున్నర ఉండడం, ఇవన్నీ మైగ్రేన్‌వే.

కైరోప్రాక్టిక్ అంటే ఏదో పాతకాలపు నాటువైద్యం అనుకుంటారు చాలామంది. కాదు. 1895లో అమెరికాలో, అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఒక భవనం కాపలాదారుకి వెన్నుపూస నొక్కితే వినికిడి తిరిగొచ్చిందని ఆయన చెప్పుకున్న కథతోనే అది పుట్టింది. వెన్ను సరిగ్గా ఉంటే రోగాలన్నీ పోతాయన్నది అప్పటి వాదం. ఇప్పుడు అక్కడ చదువుకుని లైసెన్సు తీసుకున్నవాళ్ళలో చాలామంది అంత దూరం వెళ్ళరు, నడుమునొప్పీ మెడనొప్పీ చూసుకుంటారు. ‘ఎముక సెట్ చేస్తే జన్మలో రాదు’ అన్న మాట మాత్రం నేరుగా 1895 నుంచి వచ్చిందే.

ఆ ‘కటుక్’ అనే చప్పుడు కూడా ఎముక తన చోటికి వచ్చి కూర్చున్న చప్పుడు కాదు. కీలులో ఉండే జిగురులాంటి ద్రవంలో ఒక్కసారిగా గాలి బుడగ ఏర్పడటం వల్ల వస్తుంది. 2015లో కెనడా పరిశోధకులు వేళ్ళు విరిచేటప్పుడు ఎంఆర్‌ఐ తీసి మరీ చూపించారు. యూట్యూబ్‌లో మైక్ దగ్గర పెట్టి ఆ చప్పుడు వినిపిస్తారు, చూసేవాళ్ళకి హాయిగా ఉంటుంది. చప్పుడు ఎంత గట్టిగా వస్తే వైద్యం అంత గట్టిదని మాత్రం లేదు.

మరి మైగ్రేన్‌కి పనికొస్తుందా? పరీక్షించారు. 2000లో ఆస్ట్రేలియాలో చేసిన ఒక అధ్యయనంలో మైగ్రేన్లు తగ్గాయి, బిళ్ళల వాడకమూ తగ్గింది. కైరోప్రాక్టర్లు ఎక్కువగా చూపించేది అదే. 2019లో ఆరు అధ్యయనాలని, మొత్తం 677 మందిని, కలిపి లెక్కవేస్తే నొప్పి రోజులు కొద్దిగా తగ్గుతున్నట్టు తేలింది. ఇది ఇంకా తొలిదశ సాక్ష్యమేనని ఆ లెక్క వేసినవాళ్ళే రాశారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం 2017లో నార్వేవాళ్ళు ప్రచురించింది. 104 మంది మైగ్రేన్ రోగులని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మూడు నెలల్లో 12 సిట్టింగుల అసలైన కైరోప్రాక్టిక్, మీకు చెప్పిన ఆ 12 అంకే. రెండో గుంపుకి ఉత్తుత్తి వైద్యం, అంటే వెన్నుపూసలని వదిలేసి భుజపు ఎముక అంచు దగ్గరా పిరుదుల దగ్గరా నొక్కి పంపించడం. మూడో గుంపువాళ్ళు తమ మామూలు మందులే వాడుకున్నారు. మూడు నెలల తర్వాత మూడు గుంపుల్లోనూ నొప్పి రోజులు తగ్గాయి. ఆ తర్వాత మందులవాళ్ళు మళ్ళీ మొదటికి వచ్చారు, మొదటి రెండు గుంపులకీ మాత్రం ఆ తగ్గుదల నిలిచింది. ఉత్తుత్తి వైద్యం చేయించుకున్నవాళ్ళకి కూడా! కాబట్టి తాము చూసిన ప్రభావం బహుశా ప్లాసిబో వల్లేనని, అంటే వైద్యం జరుగుతోందన్న నమ్మకం వల్లేనని, వాళ్ళే తేల్చారు.

అంటే మోసమా? నేను అలా అనను. తలుపు వేసి, అరగంట మీ మాట విని, మెడ మీద వెచ్చటి చెయ్యి వేసి, ‘వచ్చే వారం మళ్ళీ రండి’ అనే మనిషి దొరికితే మైగ్రేన్‌కి కొంత ఊరట దొరుకుతుంది. రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపేసే చోట అది దొరకదు. నా దగ్గర తగ్గినవాళ్ళలో కొందరికి పనిచేసింది కూడా అదేనేమోనని నాకే అనుమానం. కానీ అంతవరకూ రావడానికి మెడని విరవాల్సిన పనిలేదు, ముందే డబ్బు గుమ్మరించాల్సిన పని అసలే లేదు.

విరవడం దగ్గర నేనెందుకు అంత పట్టుబడుతున్నానో చెబుతాను. మెడ వెన్నుపూసల పక్కనున్న రంధ్రాల్లోంచి మెదడుకి రెండు రక్తనాళాలు పోతాయి. మెడని ఒక్కసారిగా తిప్పితే, అరుదుగా, ఆ నాళం లోపలి పొర చిరిగి, అక్కడ రక్తం గడ్డకట్టి, పక్షవాతం రావచ్చు. ఎంత అరుదు, తిప్పడమే కారణమా అన్నదాని మీద వాదన ఉంది. 2008లో కెనడాలోని ఒంటారియోలో లెక్కలు తీస్తే, ఈ రకం పక్షవాతం వచ్చినవాళ్ళు దానికి ముందు కైరోప్రాక్టర్ దగ్గరికి ఎంతగా వెళ్ళారో మామూలు డాక్టర్ల దగ్గరికీ దాదాపు అంతగానే వెళ్ళినట్టు కనిపించింది. అంటే నాళం అప్పటికే చిరిగి, ఆ మెడనొప్పీ తలనొప్పీతోనే వాళ్ళు వైద్యం కోసం వెళ్ళి ఉండొచ్చు. నాకైతే ఆ మాట విన్నాక భయం తగ్గలేదు, పెరిగింది. చిరిగిన నాళంతో వచ్చినవాడిని గుర్తుపట్టకుండా ఇంకోసారి తిప్పితే ఏమవుతుంది?

అలాంటి మనిషి నా దగ్గరికే వచ్చాడు. నలభై దాటని వయసు, లారీ డ్రైవరు. మూడు రోజుల క్రితం సెలూన్‌లో గడ్డం చేయించుకుని, అలవాటుగా మెడ విరిపించుకున్నాడట. అప్పటి నుంచి మెడకి ఒక పక్క, కంటి మీదుగా, ఇదివరకెప్పుడూ ఎరగని నొప్పి. ‘సరిగ్గా విరవలేదు మాస్టారూ, మీరోసారి ఇంకో పక్కకి విరిచేయండి’ అన్నాడు. బల్ల మీద పడుకోబెట్టే ముందు ముఖం చూశాను. ఎడమ కనురెప్ప రవ్వంత వాలి ఉంది. దగ్గరగా చూస్తే ఆ కంటిపాప రెండోదానికంటే చిన్నదిగా ఉంది. ట్యూబులైట్ వెలుగులో అంతకుమించి తేడా తెలియలేదు. నేను చెయ్యి కూడా వెయ్యలేదు, నా స్కూటర్ మీదే మెడికల్ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. స్కానింగ్‌లో మెడ ముందువైపు రక్తనాళం చిరిగిందని తేలింది. సమయానికి మందు పడింది, బతికి బయటపడ్డాడు. ఆ రోజు నుంచి నేను ఎవరి మెడనీ టక్కున తిప్పలేదు. అంతకుముందు తిప్పేవాడిని, బాగానే తిప్పేవాడిని కూడా.

కాబట్టి విశాఖకి ఫోన్ చేసినప్పుడు నాలుగు మాటలు అడగండి. ఎక్కడ చదివారు, ఎన్నేళ్ల కోర్సు? మన దేశంలో కైరోప్రాక్టర్లకంటూ ప్రత్యేకమైన రిజిస్ట్రేషన్ లేదు. విదేశాల్లో ఏళ్ల తరబడి చదివొచ్చినవాళ్ళూ, కొద్ది రోజుల వర్క్‌షాపు చేసి బోర్డు పెట్టినవాళ్ళూ ఒకే బోర్డు కింద కనిపిస్తారు. మొదటి సిట్టింగులో బీపీ చూస్తారా, తల తిరగడం, చూపు, తిమ్మిర్ల గురించి అడుగుతారా? మెడ తిప్పకుండా చేత్తో కండరాలూ కీళ్ళూ మెల్లగా వదులు చేస్తారా? నాలుగు సిట్టింగులకే డబ్బు కట్టొచ్చా? ‘మెడ తిప్పకపోతే పని జరగదు’ అన్నా, ‘డాక్టరు మందులన్నీ ఆపేయండి’ అన్నా పిన్ని గారింట్లో భోంచేసి సాయంత్రం బండికి తిరిగి వచ్చేయండి.

వెళ్ళే ముందు ఒక నెల గోడ క్యాలెండర్ మీద గుర్తులు పెట్టండి. మన ఇళ్లలో తెలుగు క్యాలెండర్ ఒకటి, ఒడియా క్యాలెండర్ ఒకటి ఉంటాయి కదా, ఒడియాది ఇందుకు వాడుకోండి. నొప్పి ఉన్న రోజు నీలం గీత, బిళ్ళ వేసుకున్న రోజు ఎర్ర గీత, నెలసరి రోజులకి చుక్క, తిండి మానేసిన రోజు సున్నా. నాలుగు సిట్టింగులయ్యాక ఇంకో నెల అలాగే గీయండి. నీలం గీతలు మూడో వంతైనా తగ్గకపోతే ఆపేయండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళకీ ఇదే హద్దు పెడతాను.

మందులేని దారి అని అడిగారు కదా, సున్నాలు పెట్టమన్నది అందుకే. మా దగ్గర కార్తీకం, మార్గశిరం వచ్చాయంటే ఆడవాళ్ళ మైగ్రేన్లు పెరుగుతాయి. కార్తీక సోమవారాల ఉపవాసాలు మనవి, ఆ వెంటనే మార్గశిర లక్ష్మివారాల్లో, అంటే గురువారాల్లో, లక్ష్మీదేవికి చేసే మాణబసా పూజలు ఇక్కడివి. ఒడిశాలో తెలుగు కోడలు రెండూ చేస్తుంది. ఉదయం నుంచి ఖాళీ కడుపు, మధ్యమధ్య టీ, సాయంత్రానికి తలపోటు. పూజ మానమని నేను చెప్పను, చెప్పినా వినరు. పాలో, అరటిపండో, అటుకులో మధ్యలో తీసుకుంటే లక్ష్మీదేవి ఏమీ అనుకోదు. రెండోది నిద్ర. ఏప్రిల్‌లో మార్నింగ్ స్కూల్ పెట్టగానే నొప్పులు ఎక్కువయ్యాయని మీరే రాశారు. లేచే వేళ మారింది, పడుకునే వేళ మారలేదు, లెక్క అక్కడే తప్పింది. ఆదివారం పొద్దెక్కేదాకా పడుకోవడం కూడా మైగ్రేన్‌కి పడదు, అన్ని రోజులూ ఒకే వేళకి లేవాలి.

మూడోది నడక. 2011లో స్వీడన్‌లో 91 మంది మీద చూశారు. వారానికి మూడుసార్లు 40 నిమిషాల వ్యాయామం, రిలాక్సేషన్, టోపిరమేట్ అనే నివారణ మందు, మూడూ నొప్పుల సంఖ్యని ఇంచుమించు సమానంగా తగ్గించాయి. వాళ్ళు సైకిల్ తొక్కారు, మీరు పొద్దున్నే మజ్జిగౌరి గుడిదాకా చురుగ్గా నడిచి రండి. మెడ పట్టేయడానికైతే గడ్డం లోపలికి లాక్కుని, నెమ్మదిగా తల ఊపే వ్యాయామం ఉంది. దగ్గరున్న ఫిజియోథెరపిస్ట్ ఎవరైనా ఒక్క సిట్టింగులో నేర్పుతారు, ఆపై ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఇంకో మాట. మీకు మందులంటే పడదనుకుంటున్నారు గానీ, పడనిది ఆ ఒక్క మాత్రేమో. మైగ్రేన్ నివారణ మందుల్లో బరువు పెంచేవీ మగత తెచ్చేవీ ఉన్నాయి, అలా చెయ్యనివీ ఉన్నాయి. ఆస్తమా ఉన్నా, పిల్లల కోసం చూస్తున్నా కొన్ని వాడకూడదు కాబట్టి పేర్లు నేను చెప్పను. ‘ఇది వేసుకుంటే ఆరు కిలోలు పెరిగాను, క్లాసులో నిద్ర వస్తోంది, వేరేది ఉందా’ అని ఆ డాక్టర్నే అడగండి. మీరు చెప్పకుండా మానేస్తే మందు పనిచేస్తోందనే ఆయన అనుకుంటారు.

ఎప్పుడూ లేనంత నొప్పి క్షణంలో వచ్చినా, కనురెప్ప వాలినా, మాట తడబడినా, ఒక చెయ్యి బలం తగ్గినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, విశాఖా వద్దు, బరంపురం వద్దు, రాయగడలోనే జిల్లా ఆస్పత్రికి వెంటనే వెళ్ళండి.

చివర్లో, అత్తగారు శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేస్తున్నారు, వెయ్యనివ్వచ్చా అని అడిగారు. వెయ్యనివ్వండి. చర్మం మరీ మండితే కడిగేసుకోండి, కంట్లోకి కారకుండా చూసుకోండి. పట్టు ఆరేదాకా చీకటి గదిలో పడుకోమంటారు చూడండి, ఆ మాట మాత్రం తప్పకుండా వినండి.